మచ్చ పడని రేకు

ఆ ఎండాకాలం మా కుళాయిలో నీళ్ళు లేవు, పొయ్యిలోకి గ్యాసు లేదు, మా తమ్ముడికి పని లేదు. ఈ మూడూ కలిసి వాడి బుర్రలో ఒక ఆలోచన పుట్టించాయి. నీళ్ళలోంచి గ్యాసు తీస్తానన్నాడు.

"లేని నీళ్ళలోంచి లేని గ్యాసు తీస్తావా నాయనా?" అన్నాను నేను.

"అన్నిటికీ వెటకారమేనా నీకు?" అంది అమ్మ. "వాడేదో తన మానాన చేసుకుంటున్నాడు. చెడు తిరుగుళ్ళు తిరగట్లేదు కదా."

మా ఇంట్లో మగపిల్లాడికి అంతకుమించి పరీక్ష లేదు. చెడు తిరుగుళ్ళు తిరగకపోతే చాలు, ఫస్టు క్లాసులో పాసైనట్టే. కాలేజీ మధ్యలో మానేసినా సరే, పదింటిదాకా మంచం దిగకపోయినా సరే. నేను మాత్రం తెల్లారకముందే లేచి ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడాలి, వచ్చి ఇంటిల్లిపాదికీ బట్టలుతకాలి, ఆ తర్వాత కిటికీ పక్కన కూర్చుని ఇల్లు నడవడానికి సూది పట్టాలి. ఇంత చేశాక ఒక్క వెటకారం కూడా చెయ్యకూడదట!

నాది రఫ్ఫు పని. చిరిగిన బట్టలోంచే, లోపలి మడతలోంచి పోగులు లాగి, ఆ చిరుగు మీద ఒక్కొక్క పోగే అడ్డంగా నిలువుగా అల్లి, అక్కడ చిరిగిందని ఎవరికీ తెలియకుండా చెయ్యడం. కళ్ళతో చేసే పని అనుకుంటారు చాలామంది. కాదు. వేళ్ళ కొసలతో చేసే పని. పోగు ఎంత బిగువుందో బొటనవేలికి, చూపుడువేలికి తెలియాలి. కంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

మా వీధి చివర డ్రైక్లీనింగ్ షాపావిడ నాకు పని ఇచ్చేది. మాటలో కరుకు, మనసులో కాదు. ఆవిడ షాపులో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. చూపు ఆనక, వానలు పడగానే మానేసి కూతురి దగ్గరికి పోతానన్నాడు. ఆయన కుర్చీ అద్దాల కిటికీ పక్కన, పైన మంచి లైటు, పక్కన పెద్ద భూతద్దం, తలుపు దాటితే మన జోలికి ఎవరూ రారు.

"ఆ కుర్చీ నీకే ఇద్దామనుకుంటున్నా" అంది షాపావిడ ఒక మధ్యాహ్నం. ఉన్ని కోటొకటి నా ముందు పరిచింది. భుజం దగ్గర పురుగు కొట్టి జల్లెడ చేసింది. "ఇది నాకు కావలసినవాళ్ళది. దీని మీద నీ చెయ్యి చూపించు. వానలు మొదలవగానే వచ్చి కూర్చో. నెల జీతం."

ఇంటికి గాల్లో తేలుకుంటూ వచ్చాను. ఆ కుర్చీ అంటే నాకు జీతం ఒక్కటే కాదు. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా ఆ ఇంట్లో లేకపోవడం. "ఏమే, ఎక్కడున్నావ్?" అన్న కేక వినపడకపోవడం. దారిలో ఆగి నా కోసం ఒక టిఫిన్ డబ్బా కొనుక్కున్నాను. దళసరి స్టీలుది, మూతకి రెండు వైపులా క్లిప్పులు. నా మొహం అందులో కనపడుతోంది. అలమరలో పైన పెట్టి, మీద గుడ్డ కప్పాను.

మా సైంటిస్టు ఈలోగా వెనక వరండా ఆక్రమించాడు. ఎక్కడినుంచో పాత బ్యాటరీ చార్జరు తెచ్చాడు. ప్లాస్టిక్ బకెట్టులో ఉప్పునీళ్ళు పోసి, రెండు వైర్లు వేలాడేసి, ఒక్కో వైరుకీ ఒక్కో లోహం ముక్క కట్టేవాడు. స్విచ్చి వెయ్యగానే బుడగలు లేచేవి. బుడగలు బాగానే లేచేవి, లోహమే నిలిచేది కాదు.

మొదట రాగి తీగ పెట్టాడు. నీళ్ళు ఆకుపచ్చగా చిలుము పట్టాయి, తీగ సన్నగా అరిగి తెగిపోయింది. తర్వాత ఇనుప మేకులు. బకెట్టు నిండా తుప్పు, బురదలాగా. తర్వాత సత్తు గరిటె. అది నల్లబడి, తెల్లటి తెట్టు కక్కి, చిల్లులు పడి చచ్చింది. పెన్సిళ్ళు చీల్చి లోపలి ములుకులు పెట్టాడు. అవి నల్లటి పొడై రాలాయి. ఉప్పు వల్ల ఘాటు వాసన ఇల్లంతా కమ్మి, అమ్మ దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు ఉప్పు మానేసి బట్టల సోడా కలపడం మొదలెట్టాడు.

"తప్పంతా ప్లస్ వైపుదే అక్కా" అన్నాడు ఒకరోజు. వాడికి వినేవాళ్ళు కావాలి, నేను బట్టలారేస్తూ దొరికాను. "మైనస్ వైరుకి ఏది కట్టినా దానికేం కాదు. అలాగే మెరుస్తూ ఉంటుంది. ప్లస్ వైపు కట్టినదే కరిగిపోతుంది. దానికి మంచి లోహం పడితే గెలిచినట్టే."

"ఏం పడాలట?"

"ప్లాటినం అయితే భేష్."

"అమ్మ పెట్టెలో ఓ రెండు మూటలుండాలి, చూడు."

"జోకులొద్దక్కా. పోనీ నికెల్ రేకు దొరికినా చాలు. ఈ సోడా నీళ్ళలో నికెల్ గట్టిగా నిలబడుతుందట. కానీ ఎక్కడ తిరిగినా దొరకట్లేదు." కాస్త ఆలోచించి, "స్టీలు పెడితే సరి. స్టీలు తుప్పు పట్టదు కదా" అన్నాడు.

లోపల్నుంచి అమ్మ గట్టిగా అరిచింది. "ఒరేయ్, నా గిన్నెల జోలికొచ్చావంటే ఊరుకోను!"

అమ్మ గిన్నెల జోలికి వాడు రాలేదు. మాట వినే పిల్లాడు.

మర్నాడు ట్యాంకరు దగ్గర్నుంచి బిందె చంకనేసుకుని వస్తుంటే వరండాలోంచి రేకు కత్తిరిస్తున్న చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, నా డబ్బా! క్లిప్పులు ఒక మూల పడున్నాయి. మూత ఒక రేకైంది. అడుగు ఇంకో రేకైంది. వాడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అంచులకి ఆకురాయి పెడుతున్నాడు.

"అది నా డబ్బారా!" అన్నాను. బిందె దించాలని కూడా తోచలేదు.

"కొత్తది కొనిస్తాలే అక్కా. గ్యాసు రానీ."

"ఎవరినడిగి తీశావు?"

"అమ్మ తీసుకోమంది."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఉద్యోగమే ఇంకా రాలేదు, డబ్బాకేం తొందర? ఎందుకే ప్రతిదానికీ ఒంటికాలి మీద లేస్తావు?"

బిందె దించి లోపలికి పోయాను. ఆ గుడ్డ మడతపెట్టి అలమరలోనే ఉంచాను.

స్టీలు నిలబడింది. ఆ మాట ఒప్పుకోవాలి. రెండు రేకుల మధ్యా నీళ్ళు మరిగినట్టు బుడగలు లేచాయి. మూత బిగించి, గొట్టం పెట్టి, దాని కొస సబ్బునురగలో ముంచాడు. నురగ బుడగకి దూరంనుంచి పొడుగు పుల్లతో నిప్పు చూపిస్తే ఢామ్మని పేలింది. అమ్మ చెవులు మూసుకుని నవ్వింది. పక్కింటి పిన్నిగారు చప్పట్లు కొట్టింది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసిపోయారు. వంట మాత్రం కట్టెల మీదే, అది కూడా నేనే.

"నీళ్ళతో నిప్పు పుట్టించాడమ్మా నా కొడుకు!" అంది అమ్మ వచ్చిన ప్రతివాళ్ళతో. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకే ముచ్చటేసింది. నాన్న పోయాక ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. అబద్ధమెందుకు, నేను కూడా ఒక బుడగ పేల్చాను.

స్విచ్చి వేసి వదిలేస్తే సాయంత్రానికి ఆ నీళ్ళు పచ్చబడేవి. తెల్లారేసరికి ఇంకా చిక్కటి పసుపు. వాడు రోజూ పాత నీళ్ళు తీసి కొత్తవి పోసేవాడు. ఆ పనికి మోచేతులదాకా రబ్బరు గ్లౌజులు కొనుక్కొచ్చాడు.

"ఏం నాయనా, ఆపరేషనా?" అన్నాను.

"కరెంటు కొట్టకుండా అక్కా" అన్నాడు.

మా ఇంట్లో ఆ ఎండాకాలం ఏ నీళ్ళూ ఒక్కసారితో పోయేవి కావు. కూరలు కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలవడం, గిన్నెలు తొలిచిన నీళ్ళతో గచ్చు కడగడం, స్నానం నీళ్ళు దొడ్లోకి. అమ్మ చెప్పిన పద్ధతి. చుక్క పారబోస్తే ఊరుకునేది కాదు. అలాంటి మనిషి బకెట్టెడు సోడా నీళ్ళు పారబోయనిస్తుందా?

"సోడా నీళ్ళేగా. బట్టలు నానెయ్యడానికి శుభ్రంగా పనికొస్తాయి" అంది. ఆ పసుపు నీళ్ళు తొట్టిలో పోయించి, ఇంట్లో మాసిన బట్టలన్నీ అందులో వేయించింది. అంతకుముందు నేను ఉతుకుతుంటే తనొచ్చి జాడించి పిండేది. ఆ నీళ్ళు మొదలయ్యాక మానేసింది. నడుం పట్టేసిందో ఏమో, కాస్త దూరంగా పీట వేసుకుని, బట్టల్ని కర్రతో ముంచేది. ముంచడం ఆవిడ వంతు, రుద్దడం, జాడించడం, పిండడం నా వంతు. పాపం, పెద్దదైపోతోంది అనుకున్నాను.

రఫ్ఫు పనివాళ్ళ వేళ్ళకి సూది పోట్లు మామూలే. రాత్రికి పడ్డ పోటు పొద్దున్నకి మానిపోతుంది. అలాంటివి మానడం మానేశాయి. పోటు పడ్డ చోటల్లా చిన్న గుంట పడేది. గుండ్రంగా, అంచు గట్టిగా, మధ్యలో లోతుగా. విచిత్రమేమిటంటే నొప్పి లేదు. నొప్పి ఉంటే జాగ్రత్తపడేదాన్నేమో. పసుపు రాశాను, కొబ్బరినూనె రాశాను. పొద్దున్నే మళ్ళీ అదే తొట్టిలో చేతులు పెట్టాను.

"వేడి చేసి ఉంటుంది. మజ్జిగ తాగు" అంది అమ్మ.

కోటు పని సగంలో ఉండగా బొటనవేలి కొసన గుంట పెద్దదైంది. చూపుడువేలికి రెండు. పోగు లాగుతుంటే ఆ అంచుకి తట్టుకునేది. బిగువు తెలిసేది కాదు. విప్పడం, మళ్ళీ అల్లడం, మళ్ళీ విప్పడం. ఉన్ని పోగు ఎన్నిసార్లని తట్టుకుంటుంది? చివరికి ఎలాగో పూర్తిచేసి, ఇస్త్రీ చేసి, షాపుకి తీసుకెళ్ళాను. దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను, బాగానే కుదిరింది, బాగానే కుదిరింది అని.

షాపావిడ కోటు తీసుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. ముసలి మేస్త్రీ తన కుర్చీలోంచి లేచి వచ్చి, భుజం మీద బొటనవేలితో ఒకసారి రాసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

"ఇది నీ చెయ్యేనా?" అంది ఆవిడ.

"నాదేనండీ."

"కనపడుతోందే, అమ్మాయ్."

నిజమే. కనపడుతోంది. భుజం మీద ఎవరో చెయ్యేసి నొక్కినట్టు అక్కడ బట్ట ముడుచుకుంది. పోగుల మధ్య పసుపుపచ్చటి చుక్క ఒకటి, నా వేలి రసి. ఆవిడ కోటు కింద పెట్టి నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గబుక్కున వదిలేసింది.

"ఇవేంటి ఇలా ఉన్నాయి? ముందు డాక్టరుకి చూపించుకో. ఏమనుకోకు, ఈ చేతుల్తో నేను నీకు బట్టలివ్వలేను. తగ్గాక రా."

"కుర్చీ..." అన్నాను.

"తగ్గాక రా, మాట్లాడదాం" అంది. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం వంక చూడలేదు.

చర్మం డాక్టరు నడివయసు మనిషి. నా చేతుల్ని లైటు కింద పెట్టి, అడగాల్సినవన్నీ అడిగాడు. తోళ్ళు పదును చేసే చోట పనిచేస్తావా? లేదండీ. సిమెంటు పని? లేదండీ. లోహాలకి మెరుగుపూత పూసే ఫ్యాక్టరీలో?

"సూది పనండీ నాది. ఇంట్లోనే."

"మరి ఇవి క్రోమియం పుండ్లలా ఉన్నాయమ్మా. నొప్పి లేకుండా ఇలా గుంటలు పడడం దాని లక్షణమే. ఇంట్లో అది ఎక్కణ్ణించి వస్తుంది?"

"అంటే ఏంటండీ అది?"

"ఒక లోహం. స్టీలులో కలుపుతారు. స్టీలు తుప్పు పట్టకుండా ఉండేది దానివల్లే. మామూలుగా గిన్నెల్లో ఉన్నంతకాలం ఏమీ చెయ్యదు. కరిగించి నీళ్ళలోకి దింపితే మాత్రం విషం. నీళ్ళు పసుపురంగుకి తిరుగుతాయి."

నేను నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన మందు రాసిచ్చాడు. మానతాయి గానీ మచ్చలుంటాయి, వేలి కొసల్లో స్పర్శ మునుపటిలా రాకపోవచ్చు అన్నాడు. తోలు, సిమెంటు లాంటివి తగిలితే ఇక జన్మంతా ఒళ్ళు దద్దుర్లెక్కొచ్చన్నాడు. అన్నిటికీ తలూపాను.

దారిలో నాకు తమ్ముడి మీద కోపం రాలేదంటే నమ్ముతారా? తెలియక చేశాడు, వాడికి మాత్రం ఏం తెలుసు అనుకుంటూ నడిచాను. వాడి చేతులు కూడా ఇలా అయితే ఎలా అని భయమేసింది. పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి సరాసరి వరండాలోకి వెళ్ళాను. వాడు లేడు. బకెట్టు బుసబుసలాడుతోంది. పైన మేకుకి గ్లౌజులు వేలాడుతున్నాయి. వాటి వేళ్ళు పసుపుపచ్చగా తిరిగి ఉన్నాయి.

స్విచ్చి తీసేసి నీళ్ళు మార్చేవాడికి కరెంటు భయమెందుకు?

అమ్మ వంటగది గుమ్మంలో చిక్కుళ్ళు వలుస్తోంది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, ఆ నీళ్ళ గురించి వాడు నీకేమైనా చెప్పాడా?"

"ఏ నీళ్ళు?"

"పసుపు నీళ్ళు."

"ఆఁ, అప్పుడే చెప్పాడుగా" అంది అమ్మ, చిక్కుడుకాయ నార తీస్తూ. "ఫోన్‌లో ఎక్కడో చూశాట్ట. స్టీలు పెడితే ఆ నీళ్ళు మంచివి కావట, ఒట్టి చేతులు పెట్టొద్దమ్మా అన్నాడు. అందుకే కదా కర్రతో ముంచుతున్నాను."

"మరి నాకు చెప్పలేదే?"

అమ్మ తలెత్తింది. దాచిపెట్టినదాని మొహం కాదు అది. నేనెందుకు అడుగుతున్నానో ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

"నీ చేతులు పని చేసీ చేసీ గట్టిపడ్డ చేతులు కదే. నీకేం కాదనుకున్నాను."

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నా రెండు చేతులూ ఆవిడ ఒళ్ళో చిక్కుళ్ళ మీద పెట్టాను. చూడమన్నాను. చూసింది. "అయ్యో" అంది. ఆ తర్వాత, "వాణ్ణి ఏమీ అనకే, ఇప్పుడిప్పుడే కాస్త మనిషౌతున్నాడు" అంది.

సాయంత్రం వాడొచ్చాడు. నేను అడగక ముందే అమ్మ చెప్పేసింది కాబోలు, తల దించుకుని నిలబడ్డాడు.

"చెబితే నువ్వు ఆపించేస్తావని..." అన్నాడు.

"ఆపించేదాన్నే."

"కొంచెమే కదా, ఏమౌతుందిలే అనుకున్నానక్కా." నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, "నికెల్ దొరికి ఉంటే ఇలా అయ్యేది కాదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి వాడు రెండడుగులు వెనక్కేశాడు.

వానలు పడ్డాయి. కుళాయిలో నీళ్ళొచ్చాయి, గ్యాసు సిలిండరు కూడా వచ్చింది. బకెట్టు అటకెక్కింది. మా సైంటిస్టు సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపులో కుదురుకున్నాడు, బాగానే ఉన్నాడు. డ్రైక్లీనింగ్ షాపులో కిటికీ పక్క కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి కూర్చుంటోంది. ఆ అద్దాల ముందు నుంచి వెళ్ళడం ఇష్టంలేక నేను చుట్టూ తిరిగి పక్కవీధిలోంచి వెళతాను. పుండ్లు మానాయి. గుండీలు కుడతాను, అంచులు మడిచి కుడతాను, అవి ఎవరైనా కుడతారు. రఫ్ఫుకి మాత్రం వేళ్ళు పలకవు. పోగు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు.

మొన్న పక్కింటి పిన్నిగారు వాళ్ళ చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చింది. మాటల్లో ఆ ఎండాకాలం ముచ్చటొచ్చింది. అమ్మ లేచి అలమరలోంచి రేకు తీసుకొచ్చింది, మైనస్ వైపుది. ఇన్నాళ్ళూ పాత చీర ముక్కలో చుట్టి దాచింది. అద్దంలా ఉంది.

"దీంతోనేనండీ నీళ్ళలోంచి నిప్పు తీశాడు మావాడు. చూడండి, ఎండాకాలమంతా నీళ్ళలో నానినా మచ్చ పడలేదు."

అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. ఒకావిడ రేకు నాకందిస్తూ నా వేళ్ళు చూసి ఆగిపోయింది.

"అయ్యో, చేతులకేమైందమ్మా?"

నేను నోరు తెరిచేలోగా అమ్మే చెప్పేసింది. "దానికేదో ఎలర్జీ లెండి. చిన్నప్పట్నుంచీ అంతే, ఏదీ పడదు."

నేను రేకు తీసుకుని చీర ముక్కలో మళ్ళీ చుట్టాను. దానికి జోడీ ఒకటుండేదని, ఆ రెండూ కలిసి ఒకప్పుడు ఒక డబ్బా అని ఎవరూ అనలేదు. ఆ జోడీ నా దగ్గరే ఉంది, గుంటలు పడి, అంచులు తినేసి. నా అలమరలో పైన, అదే గుడ్డ కింద.